మెత్తటి నేలలో మినీ పొక్లెయిన్: చైను వెడల్పు ఎంత ఉండాలి?



కందకాలు తీసిన వీడియో చూశాక చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "మాది మెత్తటి నేల. పొక్లెయిన్ దిగబడుతుందేమోనని భయంగా ఉంది. వెడల్పు చైను ఉన్న మిషన్ తెప్పించుకుంటే సరిపోతుందా?" అని. ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పేస్తే మీకు ఉపయోగం ఉండదు. ఎందుకంటే మిషన్ దిగబడకపోవడం వేరు, నేల పాడవకపోవడం వేరు. మొదటిది డ్రైవరుకి సంబంధించిన బాధ, రెండోది మనది. ఈ పాఠంలో రెండిటినీ లెక్కతో సహా చూద్దాం. లెక్కంటే కంగారు పడకండి. గుణించడం, భాగించడం వస్తే చాలు.

మనకి దీని మీద అంత పట్టింపు ఎందుకో ముందు అనుకుందాం. దున్నడం మానేసి, ఆచ్ఛాదన కప్పి, జీవామృతం పోసుకుంటూ మూడు నాలుగేళ్ళు గడిపితే నేల గుల్లబారుతుంది. వానపాములు చేసిన దారులు, చచ్చిన వేళ్ళు వదిలిన గొట్టాలు, వీటన్నిటిలో గాలీ తేమా కలిసి ఉంటాయి. వాఫసా అని మనం చెప్పుకునేది ఇదే. తడి నేల మీద బరువైన మిషన్ ఒక్క పూట అటూ ఇటూ తిరిగిందంటే ఆ ఖాళీలు అణిగిపోతాయి. దున్నే రైతు అయితే మళ్ళీ లోతు దుక్కి వేసుకుంటాడు. మనం దున్నకూడదని నియమం పెట్టుకున్నాం కాబట్టి అణిగిన నేలని బాగుచేసే పని వేళ్ళదీ, పురుగూ పుట్రదే. దానికి ఏళ్ళు పడుతుంది.

ముందే సారాంశం చెప్పేస్తాను. చైను వెడల్పు పై మట్టిని కాపాడుతుంది. లోపలి మట్టి ఎంత నలుగుతుందో మిషన్ మొత్తం బరువు తేలుస్తుంది. తేమ ఎక్కువగా ఉంటే ఆ రెండూ కూడా కాపాడలేవు. ఇక వివరంగా చూద్దాం.

ఏ మిషన్ గురించి మాట్లాడుతున్నాం?

కొన్ని ఊళ్ళల్లో పొక్లెయిన్ అంటారు, కొన్నిచోట్ల ఇటాచీ అంటారు, ఇంకొన్నిచోట్ల చైన్ బండి అంటారు. పేరేదైనా, మన పొలాల్లో కందకాలకీ, బోదెలకీ, చిన్న నీటికుంటలకీ పనికొచ్చేది 2 నుంచి 8 టన్నుల లోపు మిషన్. వీటికి ఎక్కువగా రబ్బరు చైన్లు ఉంటాయి. మామూలుగా 3 టన్నుల మిషన్‌కి 300 మిల్లీమీటర్ల చైను, 5 టన్నుల దానికి 400, 8 టన్నుల దానికి 450 వస్తుంది. 2 టన్నుల బుల్లి మిషన్లకి 230 నుంచి 250 ఉంటుంది. వీటిలో కొంచెం అటూ ఇటూగా ఉండేవీ ఉన్నాయి.

నాలుగు టైర్ల జేసీబీ లెక్క వేరు. అది 7, 8 టన్నుల బరువుతో టైర్ల మీద నిలబడుతుంది. టైరు నేల మీద వేసే ఒత్తిడి దాదాపుగా అందులో ఉన్న గాలి ఒత్తిడంత ఉంటుంది. టైర్లో 30 పౌండ్ల గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2 కిలోలు పడుతున్నట్టు. మెత్తటి నేలలోకి అసలు దాన్ని తేవద్దు. వరి కోతల్లో టైర్ల మిషన్ దిగలేని చేలోకి చైన్ కోత మిషన్ ఎందుకు దిగుతుందో మీకు తెలిసిందేగా. ఇక్కడా కారణం అదే.

మొదటి లెక్క: నేల మీద ఎంత పడుతోంది?

సూత్రం ఇంతే. మిషన్ బరువుని రెండు చైన్లు నేలకి ఆనిన వైశాల్యంతో భాగించాలి.

బరువు ÷ (2 × చైను వెడల్పు × నేలకి ఆనిన పొడవు)

బరువు మిషన్ మీద ఉండే ప్లేటు మీద రాసి ఉంటుంది. దానికి డ్రైవరు, డీజిలు కూడా కలుపుకోండి. వెడల్పు టేపుతో కొలవొచ్చు. పొడవు కోసం మిషన్ గట్టి నేల మీద ఉన్నప్పుడు ముందు చక్రం మధ్య నుంచి వెనక పళ్ళచక్రం మధ్య వరకు కొలవండి. వీడియోలో టేపు పెట్టి చూపించింది ఈ కొలతే.

3 టన్నుల మిషన్, 30 సెంటీమీటర్ల చైను, 160 సెంటీమీటర్ల పొడవు అనుకుందాం. వైశాల్యం 2 × 30 × 160 = 9,600 చదరపు సెంటీమీటర్లు. 3,000 కిలోలని 9,600తో భాగిస్తే 0.31. అంటే చదరపు సెంటీమీటరుకి 310 గ్రాములు.

అదే మిషన్‌కి 40 సెంటీమీటర్ల చైను వేస్తే వైశాల్యం 12,800. ఒత్తిడి 0.23కి దిగుతుంది. అంటే నాలుగో వంతు తగ్గింది. బురదలో ఇది చిన్న తేడా కాదు.

ఇంకో పోలిక చూడండి. 60 కిలోల మనిషి రెండు కాళ్ళ మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకి సుమారు 0.2 కిలో, నడుస్తూ ఒంటికాలి మీద ఉన్నప్పుడు 0.4 కిలో పడుతుంది. ఎద్దు గిట్ట కింద 1 కిలోకి పైనే. మరి 3 టన్నుల మిషన్ మనిషి అడుగు కంటే తేలిగ్గా పడుతోందని ఈ అంకె చెబుతోంది! అద్దెకిచ్చేవాళ్ళు కూడా ఈ మాటే చెబుతారు. మాట అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. ఎందుకో రెండు కారణాలున్నాయి.

కాగితం మీద అంకె, పొలంలో అంకె

మొదటి కారణం: మిషన్ కదలకుండా, బకెట్ ఖాళీగా, బరువు సమంగా పంచుకుని నిలబడితేనే ఆ 0.31. పని మొదలుపెట్టాక అలా ఉండదు. బకెట్ నిండా తడి మట్టి ఎత్తి బూమ్‌ని పక్కకి తిప్పిందనుకోండి, బరువులో ఎక్కువ భాగం ఆ పక్క చైను మీదకే వస్తుంది. అప్పుడు ఒత్తిడి దాదాపు రెట్టింపు. ముందుకి చాపి గట్టి మట్టిని లాగుతుంటే చైను ముందు కొస మీదకో, వెనక కొస మీదకో బరువు పోతుంది. పైగా రబ్బరు చైను వంగుతుంది కాబట్టి లోపల రోలర్లు ఉన్నచోట ఎక్కువ, మధ్యలో తక్కువ పడుతుంది. కాబట్టి కాగితం మీద వచ్చిన అంకెని కనీసం రెండుతో గుణించుకుని ఆలోచించండి.

దీనికి పొలంలో చేయగలిగిన మందు ఒకటుంది. చైన్లు ఏ దిక్కుకి ఉన్నాయో ఆ దిక్కులోనే తవ్వించండి. పక్కకి తిరిగి తవ్వడం తగ్గించండి. మట్టిని పక్కన పోయక తప్పదు కాబట్టి, బకెట్‌ని పూర్తిగా నింపకుండా, బూమ్‌ని దగ్గరకి ముడుచుకుని తిప్పమనండి. బ్లేడు నేలకి ఆనించి పని చేస్తే కొంత బరువు దాని మీదకి పోయి మిషన్ ఊగడం తగ్గుతుంది.

రెండో లెక్క: లోపల ఎంత పడుతోంది?

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. మనిషి అడుగు చిన్నది. దాని కింద ఒత్తిడి జానెడు లోతు దాటేసరికి చెదిరిపోతుంది. చైను మూరెడు వెడల్పు, నిలువెత్తు పొడవు ఉన్న పట్టీ. దాని ఒత్తిడి లోపలిదాకా దిగుతుంది. నేల మీద పెట్టిన బరువు లోపల ఎలా పంచుకుంటుందో ఫ్రెంచి శాస్త్రవేత్త బూసినెస్క్ 1885లోనే లెక్క కట్టాడు. జర్మనీ ఇంజినీరు సోనె 1950లలో ఆ లెక్కని ట్రాక్టరు టైర్లకి అన్వయించి, పైన ఒత్తిడి ఒకటే అయినా మోసే బరువు పెరిగితే ఒత్తిడి ఇంకా లోతుకి దిగుతుందని చూపించాడు. ఇప్పటికీ నేల గట్టిపడటం గురించి చెప్పే పాఠాలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఆ లెక్కని మన మిషన్లకి వేసి చూశాను. ఒక్క చైను కింద, బరువు సమంగా పడుతోందనుకుని, నేలంతా ఒకే తీరుగా ఉందనుకుని వేసినది. కిలోలు, చదరపు సెంటీమీటరుకి:

- 3 టన్నులు, 300 చైను: 10 సెం.మీ. లోతులో 0.29, 30 సెం.మీ. లోతులో 0.17, 60 సెం.మీ. లోతులో 0.10
- 3 టన్నులు, 400 చైను: 10 సెం.మీ. లోతులో 0.22, 30 సెం.మీ. లోతులో 0.16, 60 సెం.మీ. లోతులో 0.09
- 5 టన్నులు, 400 చైను, ఆనిన పొడవు 2 మీటర్లు: 0.30, 0.21, 0.12
- 8 టన్నులు, 450 చైను, ఆనిన పొడవు 2.2 మీటర్లు: 0.39, 0.29, 0.18

మొదటి రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మిషన్, చైను మాత్రం 10 సెంటీమీటర్లు వెడల్పు. జానెడు లోపల మంచి తేడా వచ్చింది. అడుగు లోతుకి వచ్చేసరికి ఆ తేడా పదో వంతు కూడా లేదు. రెండడుగుల్లో ఉందా లేదా అన్నట్టుంది. ఇప్పుడు మొదటి వరసనీ మూడో వరసనీ చూడండి. నేల మీద ఒత్తిడి రెండిటికీ ఒకటే, 0.31. అయినా 5 టన్నుల మిషన్ కింద లోపల ఎక్కువ పడుతోంది. 8 టన్నులది అడుగు లోతులో వేసే ఒత్తిడి, 3 టన్నులది జానెడు లోపే వేసేంత!

కాబట్టి "వెడల్పు చైను ఉంది, పెద్ద మిషన్ అయినా ఫర్వాలేదు" అనే మాట నమ్మకండి. పై మట్టి అణిగితే ఒకటి రెండు పంటల వేళ్ళు, వానపాములు బాగుచేసుకుంటాయి. రెండడుగుల లోతులో అణిగితే అక్కడిదాకా వెళ్ళే వేళ్ళే తక్కువ. ముందు తేలిక మిషన్ ఎంచుకోండి, ఆ తర్వాతే వెడల్పు చైను సంగతి.

వెడల్పే కాదు, పొడవు కూడా

చైను అనేది పుట్టిందే మెత్తటి నేల కోసం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం స్టాక్టన్ దగ్గర నదీముఖంలో, ఆకూ అలమూ కుళ్ళి ఏర్పడిన నల్లటి మెత్తటి భూములున్నాయి. అక్కడ ఆవిరి ట్రాక్టర్లు దిగబడేవి. బెంజమిన్ హోల్ట్ అనే ఆయన చక్రాలని వెడల్పు చేసుకుంటూ పోయాడు. ట్రాక్టరు మరీ వెడల్పై తిప్పడానికి వీల్లేకుండా పోయింది. చివరికి 1904లో చక్రాలు తీసేసి, చెక్క పలకలు బిగించిన చైన్లు వేసి నడిపాడు. వెడల్పుతో తీరనిది పొడవుతో తీరింది.

మనకి ఇందులో పాఠం ఉంది. ఒకే బరువున్న రెండు మిషన్లు దొరికితే వెడల్పుతో పాటు నేలకి ఆనిన పొడవు కూడా కొలవండి. 160కి బదులు 180 సెంటీమీటర్లు ఉందంటే, చైను మార్చకుండానే ఒత్తిడి తొమ్మిదో వంతు తగ్గినట్టే. పొడవు ఎక్కువైతే మలుపులో మట్టిని ఎక్కువ గీరుతుంది. అది మాత్రం గుర్తుంచుకోండి.

వరి చేను సంగతి వేరు

మా గోదావరి డెల్టాలో వరి చేలని ఐదంచెల తోటలుగా మార్చుకునేవాళ్ళు పెరిగారు. బోదెలు తీసి, ఆ మట్టితో ఎత్తు మళ్ళు పోసుకోవాలి కాబట్టి పొక్లెయిన్ తప్పదు. ఇక్కడ ఒక విషయం తెలియాలి. ఏళ్ళ తరబడి దమ్ము చేసిన చేలో జానెడు, జానెడున్నర లోతున ఒక గట్టి పొర ఉంటుంది. నీరు నిలిచేది దాని వల్లే. దమ్ము ట్రాక్టరునీ, చైన్ కోత మిషన్‌నీ మోసేది కూడా అదే. పైన బురద ఉన్నా మిషన్ నడుస్తోందంటే కింద ఆ పొర పట్టుకుని ఉందన్నమాట.

మిషన్ ఒకే చోట గిరగిరా తిరిగితే చైను ఆ పొరని తెంపేస్తుంది. తెగిన చోట ఇక పట్టు ఉండదు, నిలువునా దిగబడుతుంది. ఎంత వెడల్పు చైను వేసినా ఇక్కడ ఆపలేదు. అందుకని వరి చేలో చిన్నగా, పెద్ద వంపు తీసుకుంటూ మలుపు తిప్పమని డ్రైవరుకి ముందే చెప్పండి. తవ్విన బోదె మీదకి, తిరగేసిన మట్టి మీదకి మళ్ళీ మిషన్ ఎక్కకూడదు. చేను చివర నుంచి తవ్వుకుంటూ వెనక్కి, తవ్వని నేల మీదకే రావాలి.

వెడల్పు చైను ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

పనికొచ్చే చోట్లు: డెల్టా బంక నేలలు, చెరువు శిఖం భూములు, ఒండ్రు మెరకలు, పైన ఆరి లోపల తేమ ఉన్న నల్లరేగడి, ఆచ్ఛాదన దట్టంగా ఉన్న తోటలు. ఇక్కడ గాడి లోతు తగ్గుతుంది, పై మట్టి చెదరదు, డీజిలు కూడా వృథా కాదు. గాడిలో ఇరుక్కుని గింజుకునే మిషన్ తాగినంత డీజిలు మరేదీ తాగదు.

పనికిరాని చోట్లు: రాళ్ళున్న ఎర్ర చెలకలు, గట్టి గరప నేలలు, రోడ్డు మీద దూరం నడవాల్సిన పనులు. రాయి మీద ఎక్కినప్పుడు చైను అంచు గాల్లో వేలాడుతుంది. అలా వంగి వంగి రబ్బరు అంచులు చీలుతాయి. ఇనుప ప్లేట్ల చైను అయితే పిన్నుల మీద, లింకుల మీద భారం పెరిగి త్వరగా అరుగుతాయి. మిషన్ నేలలో తేలడానికి సరిపోయినంత వెడల్పు చాలు, అంతకుమించి వద్దు అనేదే తయారీదార్ల సలహా కూడా.

ఇంకో రెండు ఇబ్బందులు. ఒకటి, దారి. 3 టన్నుల మిషన్ మొత్తం వెడల్పు సుమారు మీటరున్నర. రెండు పక్కలా 10 సెంటీమీటర్ల చొప్పున బయటికి పెరిగితే మీటరూ డెబ్భై. కొబ్బరి వరసల మధ్య ఇబ్బంది లేదు గానీ అరటి వరసల్లోకి దూరదు. గేటు, గట్టు మీద దారి, తూము మీద పలక, ఇవన్నీ ముందే కొలుచుకోండి. రెండోది, కందకం. కందకానికి రెండు పక్కలా చైన్లు పెట్టి నడిమధ్య తవ్వే పద్ధతిలో, చైను లోపలి వైపుకి పెరిగితే మధ్య ఖాళీ తగ్గుతుంది. 90 సెంటీమీటర్ల ఖాళీలో 60 సెంటీమీటర్ల కందకం తవ్వితే పక్కకి 15 చొప్పున అంచు మిగులుతుంది. ఖాళీ 70 అయితే 5 సెంటీమీటర్లే మిగులుతుంది. తడి నేలలో ఆ అంచు మిషన్‌తో సహా కూలుతుంది.

చైను మీద అంకెలు చదవడం

రబ్బరు చైను లోపలి వైపో, అంచునో 300 × 52.5 × 80 అన్నట్టు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఒక లింకు నుంచి ఇంకో లింకుకి దూరం. మూడోది లింకుల లెక్క. వెడల్పు మార్చాలంటే రెండో అంకె, మూడో అంకె అవే ఉండాలి. లేకపోతే పళ్ళచక్రంలో కూర్చోదు. అవి సరిపోయినా పని అయిపోలేదు. లోపలి ఇనుప దంతాల మధ్య ఖాళీ మన రోలర్లకి సరిపోవాలి. ఫ్రేముకి, బ్లేడు చేతులకి చైను తగలకూడదు. కొన్ని మిషన్లకి ఒకటి రెండు వెడల్పులు తయారీదారే అనుమతిస్తాడు, కొన్నిటికి అసలు ఉండదు. జత చైన్ల ఖర్చు తక్కువేమీ కాదు కాబట్టి మిషన్ పుస్తకం చూశాకే కొనండి.

అద్దెకి తెచ్చుకునేవాళ్ళు ఇంత దూరం పోనక్కర్లేదు. ఫోన్లోనే నాలుగు ప్రశ్నలు అడగండి. బరువెంత? చైను వెడల్పెంత? రబ్బరా, ఇనుమా? అరుగుదల ఎలా ఉంది? అరిగిపోయిన చైను తడి నేలలో జారుతుంది. జారే చైను నేలని అణచడంతో పాటు పైపొరని పాలిష్ చేసినట్టు మూసేస్తుంది. అప్పుడు నీరు ఇంకదు.

బంక మట్టిలో పని చేసిన ప్రతి సాయంత్రం చైన్ల మధ్య ఇరుక్కున్న మట్టి తీయించండి. పళ్ళచక్రం దగ్గర మట్టి గట్టిగా కూరుకుంటే చైను బిగుసుకుంటుంది, అరుగుదల పెరుగుతుంది, కొన్నిసార్లు ఊడుతుంది కూడా. పక్క ఊరి చేల నుంచి కలుపు విత్తనాలు మన చేలోకి రాకుండా ఉండాలంటే మిషన్ వచ్చేటప్పుడు కూడా చైన్లు శుభ్రంగా ఉండాలి.

జంతిక పరీక్ష

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, తేమ. పైన ఆరినట్టు కనిపించే నేల లోపల పచ్చిగా ఉంటుంది. ఎండు నేల మోసే బరువుని తడి నేల మోయలేదు. దీనికి మిషన్లూ మీటర్లూ అక్కర్లేదు. గడ్డపారతో గుంట తీసి 10, 30, 60 సెంటీమీటర్ల లోతుల్లో గుప్పెడు చొప్పున మట్టి తియ్యండి. అరచేతుల మధ్య జంతిక చుట్టినట్టు సన్నగా పాముతూ పోండి. సుమారు 3 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా తెగకుండా సాగిందంటే ఆ లోతులో మట్టి ఇంకా ముద్దగా ఉంది, మిషన్ దింపొద్దు. అంతకు ముందే పగిలి ముక్కలైతే పదును దిగింది, దింపొచ్చు. స్వీడన్ శాస్త్రవేత్త అట్టర్‌బర్గ్ 1911లో బంకమట్టి గుణాలని కొలవడానికి చెప్పిన పద్ధతికి ఇది పొలం రూపం. ఇప్పటికీ రోడ్లు, కట్టడాల ప్రయోగశాలల్లో ఇలాగే పాముతారు. ఇసుక నేలలో మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అక్కడ తడిగా ఉన్నా జంతిక సాగదు.

మూడు లోతుల్లోనూ పరీక్ష చెయ్యాలి. పైన పగిలి, కింద సాగిందంటే తేలిక మిషన్‌తో కొంత నెట్టుకురావచ్చు, పెద్ద మిషన్ మాత్రం వద్దు. పై లెక్కలో లోతు అంకెలు ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కాలం విషయానికొస్తే, డెల్టాలో దాళ్వా కోతయ్యి కాల్వలు కట్టేశాక వచ్చే వేసవే అనుకూలం. నల్లరేగడిలో పగుళ్ళు విచ్చిన తర్వాత. నల్లరేగడికి ఒక వరం ఉంది. ఎండకి పగిలి, వానకి ఉబ్బి, కొంత తనంతట తానే గుల్లబారుతుంది. ఏడాదంతా నీళ్ళల్లో ఉండే వరి చేనుకి ఆ అవకాశం లేదు.

పొలంలో నడిపించే పద్ధతి

1. ఒకే దారి. నేల అణగడంలో ఎక్కువ భాగం మొదటి దఫాలోనే జరిగిపోతుంది. అందుకే పొలమంతా తిప్పొద్దు. రాకపోకలకి ఒక దారి గీసి, ముగ్గుతో గుర్తు పెట్టండి. ఆ దారిని తర్వాత నడక దారిగానే ఉంచుకోండి.

2. దారి మీద పరుపు. కొబ్బరి మట్టలు, ఎండు రొట్ట దట్టంగా పరవండి. మరీ మెత్తగా ఉన్న చోట తాటి దుంగలు అడ్డంగా వేసి వాటి మీద నడిపించండి. దుంగ బరువుని రెండు పక్కలకీ పంచుతుంది. చైను వెడల్పు చేయించడం కన్నా ఇది చవక.

3. మట్టిని దూరం మోయించొద్దు. తవ్విన చోటే పక్కన గట్టుగా పోసేలా పథకం వేసుకోండి. బకెట్‌తో మట్టి మోస్తూ తిరగడమే నేలకి ఎక్కువ నష్టం.

4. వాన పడితే ఆపేయండి. గంట అద్దె పోతుందని తడిలో నడిపిస్తే ఆదా చేసుకున్న అద్దె కన్నా నేల పోగొట్టుకునేది ఎక్కువ. బేరం మాట్లాడేటప్పుడే "వాన పడితే ఆపుతాం, ఆరాక మళ్ళీ" అని ఒప్పందం చేసుకోండి.

5. దిగబడితే గింజుకోనివ్వొద్దు. చైను తిరిగే కొద్దీ గొయ్యి లోతవుతుంది. బకెట్‌ని నేలకి ఆనించి ఆ పక్క చైనుని పైకి లేపి, కింద దుంగలో పలకలో తోసి, మెల్లగా దింపి వెనక్కి రమ్మనండి. లేచి ఉన్న చైను కిందకి చేతులు పెట్టకుండా, కర్రతోనే తొయ్యాలి. ఆ సమయంలో దగ్గరలో ఎవరూ నిలబడకూడదు.

పని అయ్యాక మిషన్ తిరిగిన పట్టీల్లో జీలుగ, జనుము, కంది కలిపి చల్లుకోండి. కంది వేరు లోతుకి పోయి దారి చేస్తుంది. పట్టీ మీద ఆచ్ఛాదన కప్పి, వానపాములు మళ్ళీ వచ్చాయో లేదో వానాకాలం తర్వాత పారతో తీసి చూడండి. రానిచోట ఇంకో ఏడాది అవే పంటలు వెయ్యండి.

మరి ఏది తెప్పించాలి?

నన్నడిగితే వరస ఇది. 60 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు లోతు లోపు కందకాలకి 3 టన్నుల మిషన్ చాలు. పని ఒక రోజు ఎక్కువ పట్టినా ఫర్వాలేదు. జంతిక మూడు లోతుల్లోనూ పగిలితే మామూలు 300 చైనుతోనే కానివ్వండి, వెడల్పు కోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు. పైన కొంచెం మెత్తగా ఉండి, ఆచ్ఛాదన కాపాడుకోవాలంటే అదే బరువులో 350, 400 చైను ఉన్నది దొరుకుతుందేమో వెతకండి. జంతిక పైనా కిందా సాగుతుంటే ఏ చైనూ వద్దు, ఇంకో పది పదిహేను రోజులు ఆగండి. పెద్ద నీటికుంటకి 8 టన్నుల మిషన్ తప్పదనుకుంటే, అది తిరిగే జాగా కుంట కట్టల కింద కలిసిపోయేలా గీసుకోండి. పంట వేసే మడిలోకి అది రాకూడదు.

మిషన్‌కి ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: మిషన్ బరువు, చైను వెడల్పు, నేలకి ఆనిన పొడవు, భాగిస్తే వచ్చిన అంకె, దానికి రెట్టింపు, మూడు లోతుల్లో జంతిక ఫలితం, మన దారుల్లో అన్నిటికన్నా ఇరుకైన చోటు కొలత. ఈ ఏడూ ఉంటే డ్రైవరు ఏం చెప్పినా మీ నేలకి ఏది మంచిదో మీరే తేల్చుకోగలరు. కొలతలు తీసే విధానం, జంతిక పరీక్ష, రెండూ వీడియోలో నెమ్మదిగా చూపించాను. పిల్లల్ని పక్కన పెట్టుకుని ఒకసారి మీ చేలోనే చేసి చూడండి.